నిద్రపోయేవాణ్ణి లేపకూడదు

పలాస
సెప్టెంబరు

ఒరే మోహిత్,

అత్తని మరిచిపోయావా, లేక అత్త నంబరు చూసి దడుచుకుంటున్నావా? చేసి చేసి నా వేలు అరిగిపోయింది గాని నువ్వు ఫోను ఎత్తిన పాపాన పోలేదు. అందుకే ఈ కాగితం. ఇది మోగదు కాబట్టి దీన్ని కట్ చెయ్యడం నీ తరం కాదు.

నిన్న మీ అమ్మ కాంతంతో మాట్లాడాను. నీ పేరు ఎత్తగానే ఆవిడ గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "మెల్లిగా మాటాడు వదినా, గుంటడు తొంగున్నాడు. రాత్రంతా సదువుతాడు, పగలు తొంగుంటాడు. సి షిఫ్టోడి లాగే అయిపోనాడు. నానైతే కుక్కరు కూత కూడా ఎయ్యనివ్వడం లేదు" అంది. గర్వంగా అంది సుమా! మీ నాన్న స్టీలు ప్లాంటులో సి షిఫ్టు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటే ఇల్లంతా మునివేళ్ళ మీద నడిచేది. ఇప్పుడు నీకూ ఆ వైభోగం పట్టిందన్నమాట. బి.యస్సీ మూడో ఏడంటే మాటలా మరి, అందులోనూ లెక్కలు.

నేను జంషెడ్‌పూర్ తెలుగు బడిలో పనిచేసే రోజుల్లో మీ గుమ్మంలో కూచోబెట్టి నీకు అక్షరాలు దిద్దించాను. మీ సూర్యం మావయ్య రిటైరై, మేం పలాస వచ్చి ఈ జీడిపప్పు కొట్టు పెట్టుకున్నాక ఆ అక్షరాలకి తుప్పు పట్టిందేమో చూద్దాం. జవాబు తెలుగులోనే రాయి. హిందీలో రాశావంటే చదవను, చింపి పొట్లాలు కట్టేస్తాను.

మీ అత్త
ఉమామహేశ్వరి


బర్మామైన్స్, జంషెడ్‌పూర్
సెప్టెంబరు

అత్తా,

నీ ఉత్తరం వచ్చింది. నేను బాగున్నాను. చదువు బాగా నడుస్తోంది. ఫోను ఖరాబ్ అయింది. అమ్మ బాగుంది. నాన్నకి ఈ వారం బి షిఫ్టు.

తెలుగులో రాయడం కష్టంగా ఉంది. ఒక్కో మాటకి ఆగాల్సి వస్తోంది. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపకు.

నువ్వు టీచరువి కాబట్టి ఒక సంగతి అడుగుతాను. బాగా చదివే పిల్లవాడికి ఉన్నట్టుండి చదవడం రాకుండా పోతుందా? అక్షరాలు కనిపిస్తాయి. చదువుతాడు కూడా. పేజీ చివరికి వచ్చేసరికి పైన చదివింది మిగలదు. మళ్ళీ పైనుంచి మొదలుపెడతాడు. మళ్ళీ అంతే. అలా నీ బడిలో ఎవరికైనా అయిందా?

ఊరికే అడుగుతున్నాను.

మోహిత్


పలాస
అక్టోబరు

ఒరే మోహిత్,

తప్పులు లేవు. తుప్పు పట్టలేదు. సంతోషించాను.

ఇక నీ ప్రశ్న. ఓరి నాయనో, అలాంటి పిల్లలు నా బడిలో బెంచీకి ఇద్దరుండేవారు! సగం మందికి కళ్ళద్దాలు పెట్టిస్తే తిన్నగా అయిపోయారు. మిగతా సగం మంది పుస్తకంలో అక్షరాలకి బదులు పక్క వరుసలో పిల్ల మొహం చూస్తుండేవారు. నీ స్నేహితుడిది ఏ జబ్బో కనుక్కో. స్నేహితుడని నువ్వనలేదు గాని నేనే అనుకుంటున్నాను. నీ సంగతే అయితే మరీ మంచిది, ఆ పిల్ల పేరు రాయి. మీ అమ్మకి చెప్పనులే.

నవ్వులాటకి అన్నాను. ముందు కళ్ళు చూపించుకో. పొద్దున్నే లేచి చదువు, రాత్రి చదువు వంటికి పట్టదు. పోస్టులో జీడిపప్పు పంపుతున్నాను, గుళ్ళు ఏరి కట్టాను, బద్దలు కావు. రోజూ నాలుగు నమిలితే మెదడు దానంతటదే పరుగెడుతుంది. కాంతాన్ని పాయసంలో వేసి తగలెయ్యొద్దని చెప్పు.

మీ అత్త


బర్మామైన్స్
నవంబరు

అత్తా,

కళ్ళు చూపించుకున్నాను. బాగున్నాయన్నారు. పిల్ల ఎవరూ లేదు. జీడిపప్పు అమ్మ డబ్బాలో పోసి నా మంచం పక్కన పెట్టింది. మంచిదే అయ్యుంటుంది, నాకు రుచి తెలియడం లేదు.

నువ్వు నవ్వినందుకు కోపం వచ్చింది. ఇక నీకు రాయకూడదనుకున్నాను. తర్వాత ఇంకెవరికి రాయాలో తెలియలేదు.

చదవడం రాకుండా పోయింది నాకే.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. వానల్లో అనుకుంటాను. ముందు లెక్క మధ్యలో ఆగిపోయేవాణ్ణి. తర్వాత క్లాసులో సార్ గొంతు వినబడేది గాని ఏం చెబుతున్నాడో నా దాకా వచ్చేది కాదు. ఆ తర్వాత స్నానానికి లేవాలన్నా ఎవరో వచ్చి బతిమాలితే బాగుండుననిపించేది. కాలేజీ మానేశాను. ఫైనలియర్‌కి క్లాసులుండవు, ఇంట్లోనే చదవాలని అమ్మకి చెప్పాను. నమ్మింది. రాత్రి లైటు వేసుకుని పుస్తకం ముందు కూచుంటాను. చదవను. నిద్రా రాదు. తెల్లారాక దుప్పటి కప్పేసుకుంటాను.

మా ఇల్లు నీకు తెలుసు కదా. నిద్రపోయేవాణ్ణి లేపడం కన్నా పెద్ద తప్పు మా ఇంట్లో లేదు. నాన్న పడుకుంటే అమ్మ గిన్నెల కింద గుడ్డ పరిచి తోముతుంది. కూరగాయల బండివాడు కూడా మా గుమ్మం ముందు అరవడు, తల ఊపి పోతాడు. ఇప్పుడు ఆ మర్యాదంతా నాకు. కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు. కంచం మీద మూత పెట్టి వెళ్ళిపోతారు. నేను నిద్రపోవడం లేదత్తా. కళ్ళు మూసుకుని అమ్మ అడుగులు వింటూ ఉంటాను. ఆవిడ అలా దొంగలా నడుస్తుంటే నాకు ఏడుపొస్తుంది. అయినా కళ్ళు తెరవను.

ఇది బద్ధకమా, జబ్బా? జబ్బయితే జ్వరమో నొప్పో ఉండాలి కదా. బద్ధకమైతే హాయిగా ఉండాలి కదా. రెండూ లేవు. ఎవరైనా హిందీలో అడిగితే 'మన్ నహీ లగ్తా' అంటాను, మనసు నిలవడం లేదని. సరే అని ఊరుకుంటారు. నీకు తెలుగులో రాస్తుంటే మాత్రం ఏం రాసినా అసలు సంగతి అది కాదనిపిస్తోంది. కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను.

నువ్వే చెప్పు. బద్ధకమంటే తిట్టు, పడతాను. అమ్మకీ నాన్నకీ చెప్పొద్దు. నా మీద ఒట్టు.

మోహిత్


పలాస
డిసెంబరు

మోహిత్ నాన్నా,

నీ ఉత్తరం అందిన రోజు నాలుగు పేజీలు తిట్లు రాశాను. రాత్రీ పగలూ తేడా లేకుండా ప్లాంటులో ఒళ్ళు కాల్చుకునే తండ్రి కడుపున పుట్టి దుప్పటి ముసుగెట్టుకుంటావా అని. బాగా రాశాను కూడా, నాకే ముచ్చటేసింది. పోస్టు చేసే ముందు నీది మళ్ళీ చదివాను. బద్ధకస్తుడు తల్లి అడుగులు విని ఏడవడు గదా అనిపించింది. ఆ నాలుగు పేజీలు పొయ్యిలో పెట్టాను.

తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. మీ మావయ్యతో చెబితే "ఆంజనేయస్వామి గుడికి తీసికెళ్ళి తాయెత్తు కట్టించమను" అన్నాడు. పక్కింటి రమాదేవి "పెళ్ళి చెయ్యండి" అంది. బి.యస్సీ పాసవ్వని వాడికి పిల్లనెవరిస్తారే అని ఆవిడతో దెబ్బలాటకి దిగాను. ఇంతలో మా కొట్టుకి పద్మకుమారి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు. నీ పేరు చెప్పకుండా నీ ఉత్తరంలో సంగతులు చెప్పాను. పప్పు తూకం వేస్తుంటే వద్దని ఆపి, స్టూలు లాక్కుని కూచుంది. నిద్ర లేకపోవడం, రుచి తెలియకపోవడం, చదివింది నిలవకపోవడం, స్నానానికి కూడా లేవలేకపోవడం, ఇన్నీ కలిసి వారాల తరబడి ఉంటే అది బద్ధకం కాదంది. జబ్బే. డిప్రెషన్ అంటారట. కాలేజీ పిల్లల్లో చాలామందికి వస్తుందట, ముందు చదువునే పట్టుకుంటుందట. మందుంది, మాటలతో చేసే వైద్యముంది, తగ్గుతుంది అంది. నాకు సగమే అర్థమైంది. జ్వరం లేని జబ్బేమిటో! కానీ ఆవిడ చదువుకున్న మనిషి, పైగా పప్పు బేరమాడకుండా కొనే మనిషి. నమ్మాను.

ఆవిడ నిన్నొకటి అడగమంది. సూటిగా అడగాలట. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది అంది. నాన్నా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?

దీనికి పోస్టు మీద ఆధారపడలేను. మా కొట్లో పప్పు మీ టాటానగర్ పట్టుకెళ్ళి అమ్మే మనిషి, దేముడు, ఇవాళ రైలెక్కుతున్నాడు. ఇది నీ చేతికే ఇస్తాడు. నువ్వు జవాబు రాసేదాకా మీ ఇంట్లోంచి కదలడు. దాన్ని అక్కణ్ణుంచే ఫోటో తీసి నాకు పంపుతాడు. నువ్వు రాయకపోతే మీ అమ్మకి ఫోను చేసేస్తాను. నీ ఒట్టుతో మింగలేకా కక్కలేకా ఉన్నాను. ఒట్టు తప్పితే నువ్వు అత్తతో మాట్లాడవు. తప్పకపోతే? అది నేను తలుచుకోలేను.

మొన్న పరీక్షలు బాగా రాశావని కాంతం ఫోనులో మురిసిపోయింది. పుస్తకం చదవలేని వాడు పరీక్ష ఎలా రాశాడో నాకు అంతుపట్టడం లేదు. అది కూడా రాయి.

అత్త


బర్మామైన్స్
డిసెంబరు

అత్తా,

దేముడు మామ వంటింట్లో టీ తాగుతున్నాడు. "ఎంత సేపైనా పర్లేదు బాబూ, నానేటి రైలు నడపాలా ఏటి" అంటున్నాడు. అమ్మ ఆయన్ని కూడా మెల్లిగా మాట్లాడమంటోంది. నాన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి అవతల పడుకున్నాడు.

నువ్వడిగినదానికి ఏం రాయాలో తెలియడం లేదు. చచ్చిపోవాలని కాదు. లేకుండా ఉంటే బాగుండునని. ఈ రెండూ ఒకటేనా? పొద్దున ఒకటి కాదనిపిస్తుంది. సాయంత్రానికి ఒకటేనేమో అనిపిస్తుంది. ఈ మధ్య సాయంత్రాలు ఎక్కువయ్యాయి. నాకు భయంగా ఉందత్తా.

పరీక్షలు రాయలేదు. ఒక్కటీ రాయలేదు.

మొదటి రోజు అమ్మ పెరుగూ చక్కెరా తినిపించింది, ఇక్కడివాళ్ళ అలవాటు ఆవిడకీ పట్టింది. నాన్నకి బి షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఖాళీ, బండి మీద దింపుతానన్నాడు. వద్దని షేర్ ఆటో ఎక్కాను. పెన్నులు, అడ్మిట్ కార్డు అన్నీ ఉన్నాయి. కాలేజీ గేటు ముందు ఆటో ఆగింది. అందరూ దిగారు. నాకు కాళ్ళు రాలేదు. డ్రైవరు "ఉతర్‌నా నహీ హై క్యా?" అన్నాడు, దిగవా అని. 'ఆగే చలో' అన్నాను, ఇంకా ముందుకి పోనిమ్మని. టెల్కో కాలనీ దాకా పోయి, అక్కడ మార్కెట్ దగ్గర బెంచీ మీద పరీక్ష అయ్యేదాకా కూచున్నాను. ఇంటికొస్తే "పేపరు ఎలాగుంది?" అని నాన్న అడిగాడు. 'అచ్ఛా థా', బాగుందన్నాను. అన్ని పేపర్లకీ అంతే. చివరి రోజు నాన్న జిలేబీ తెచ్చాడు. అందరికన్నా ఎక్కువ నేనే తిన్నాను.

ఎందుకలా చేశానో తెలియదు. నేను చెడ్డవాణ్ణో, జబ్బువాణ్ణో కూడా తెలియదు. అమ్మకీ నాన్నకీ నువ్వే చెప్పెయ్యి. నా నోట రావడం లేదు. ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ చెప్పాక నేనేం చెయ్యాలి? ఇప్పుడు కళ్ళు మూసుకోవడానికి ఒక చోటుంది. అదీ పోతే ఎక్కడికి పోతాను?

మోహిత్


పలాస
డిసెంబరు

మోహిత్ నాన్నా,

ఫోటో రాగానే దేముడికి ఫోను చేసి "వాడి పక్కన కూచో. నేను చెప్పేదాకా వాణ్ణి ఒంటరిగా వదిలితే నా కొట్టు గుమ్మం ఎక్కకు" అన్నాను. తర్వాత మీ నాన్నకి చేశాను. చేశాను, చేశాను, ఎత్తడే! కాంతానికి చేస్తే "ఆయన తొంగున్నారొదినా" అంది. లేపమన్నాను. లేపదు. "సి షిఫ్టు సేసొచ్చీరు, పాపం" అంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "నీ మొగుణ్ణి లేపుతావా, నేను దేముడి చేత నీళ్ళు పోయించనా?" అన్నాక లేపింది.

మీ నాన్న అప్పలరాజుకి అన్నీ చెప్పాను. పరీక్షల సంగతీ, సాయంత్రాల సంగతీ. అంతా విని వాడు ఏమన్నాడో తెలుసా? "అలిసిపోనాడక్కా. రెండ్రోజులు తొంగోనీ. అదే సద్దుకుంటాది" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా వాడికి తెలిసిన మందు అదొక్కటే. వాడిమీద కోపగించాలో జాలిపడాలో తెలియక అరిచాను. "ఒరే, వాడు తొంగోవడం లేదురా! నెలల తరబడి మీ అందరి మధ్యా మెలకువగా పడున్నాడు. మీరు వాడికి సద్దు లేకుండా కాపలా కాస్తున్నారు!" అన్నాను. ఫోను పెట్టేశాడు. అంతే. మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం దేముడు చేశాడు. "ముగ్గురూ ఆటో ఎక్కేరమ్మా. ఏ ఊసూ సెప్పలేదు. నాను టేసనుకొచ్చీసేను" అన్నాడు. వీడి నోట్లో బెల్లం ముక్క ఉందేమో, ఇంకో మాట రాలేదు. తర్వాత కాంతం ఫోను చేసి ఏడ్చింది, ఏడుస్తూ "నువ్వు దిగులెట్టుకోకొదినా" అంది, పెట్టేసింది. దేనికి దిగులు పెట్టుకోకూడదో చెప్పొద్దూ! మీ మావయ్యకి కంటి ఆపరేషను చేసి రెండు రోజులే అయింది, లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో ఉందును.

నువ్వు నామీద కోపంగా ఉన్నా సరే. తిట్లు రాయి. ఒక్క లైనైనా సరే. చదువు సంగతి నేనడగను. నువ్వున్నావని తెలిస్తే చాలు నాకు.

అత్త


బర్మామైన్స్
జనవరి

అత్తా,

ఉన్నాను.

రాయడం ఆలస్యమైంది. ఆసుపత్రిలో ఇచ్చిన మందుకి మొదట్లో చెయ్యి వణికింది. ఇప్పుడు ఫరవాలేదు. నీమీద కోపం రెండు రోజులుంది, మూడో రోజు వెతికితే దొరకలేదు.

ఆరోజు నువ్వు ఫోనులో అరిచింది గోడ ఇవతలికి వినబడింది. నేను వెంటనే కళ్ళు మూసుకున్నాను. దేముడు మామ నా పక్కనే కూచుని ఉన్నాడు, పాపం ఆయనకి ఎటు చూడాలో తెలియలేదు. నాన్న గుమ్మం దాకా వచ్చాడు. వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. నా కాళ్ళ దగ్గర కూచున్నాడు. నా పాదం పట్టుకుని "ఒరే బాబూ... లెగు నాన్నా" అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు, తప్పు చేస్తున్నవాడిలా. మా ఇంట్లో పగటిపూట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కళ్ళు తెరిచాను. ఆయన మొహం చూశాక మళ్ళీ మూసుకోలేకపోయాను. "పరీచ్చలు పోతే పోనీరా. నువ్వు లెగు" అన్నాడు. పరీక్షల గురించి అంతకు మించి ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. లోపల ఏమనుకుంటున్నాడో తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

మేం ఆటోలో వెళ్ళింది ఆసుపత్రికే. అక్కడ మా కాలేజీ బ్యాగులు రెండు మూడు కనిపించాయి. ఒకడు నా క్లాసువాడే, ఎప్పుడూ ముందు బెంచీలో కూచునేవాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. కాసేపటికి వాడే వచ్చి పక్కన కూచుని "తూ భీ?" అన్నాడు, నువ్వూనా అని. అవునన్నాను. వాళ్ళమ్మ తెచ్చిన నారింజ సగం నాకిచ్చాడు.

డాక్టరు మేడమ్ నన్ను చాలా అడిగింది. తర్వాత నాన్న వైపు తిరిగి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాడని అడిగింది. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల వైపు చూసింది. "మాలూమ్ నహీ మేడమ్. హమ్ తో జగాయే హీ నహీ" అన్నాడు. తెలియదు, మేము లేపనే లేదు అని. అని ఏడ్చాడు. ప్లాంటులో క్రేను కింద వేలు నలిగినప్పుడు కూడా ఏడవని మనిషి. నేనేం చెయ్యాలో తెలియక ఆయన తువ్వాలు తీసి ఆయనకే ఇచ్చాను.

ఈ పరీక్షలు పోయినట్టే. వచ్చే ఏడు రాసుకోవచ్చని కాలేజీలో అన్నారట. రాయగలనో లేదో తెలియదు. మొన్న లెక్కల పుస్తకం తీశాను. అర పేజీ నిలిచింది. తర్వాత మళ్ళీ ఖాళీ. మేడమ్‌కి చెబితే అర పేజీ చాలా ఎక్కువ అంది. ఊరడించడానికి అందో, నిజంగానే అందో తెలియలేదు. ఆ సాయంత్రాలు ఇంకా ఉన్నాయి. వచ్చినప్పుడు దాచకుండా ఎవరితోనైనా చెప్పమంది. నిన్న అమ్మకి చెప్పాను. అమ్మ పప్పు పొయ్యి మీద వదిలేసి వచ్చి కూచుంది. పప్పు మాడింది.

ఇంకో గొడవ. సందులో వాళ్ళకి ఏం చెప్పాలో తోచక అమ్మ నాకు కామెర్లని చెప్పేసింది. ఎదురింటి జగదాంబమ్మ రోజూ చెరకు రసం తెచ్చి నా కళ్ళు చూసి, "పచ్చదనం దిగిందే!" అని సంబరపడుతోంది. తాగలేక చస్తున్నాను. అమ్మ రేపు నిజం చెప్పేస్తానంటుంది. మర్నాడు మళ్ళీ రేపే అంటుంది.

నాకిప్పుడు నిద్ర వస్తోందత్తా. నిజం నిద్ర. మందు వల్ల పొద్దెక్కినా మెలకువ రావడం లేదు. అమ్మకి ఇది కొత్త చిక్కు. మేడమేమో పొద్దున్నే లేవాలి అంది. అమ్మకేమో నిద్రపోయేవాణ్ణి లేపాలంటే చెయ్యి రాదు. ఇవాళ కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. టీ మీద మీగడ కట్టేసింది, ఎంతసేపయిందో పాపం. "ఒరే మోహితూ, నాకేటీ తెలడం లేదురా. నిన్ను లేపనా, వద్దా?" అంది.

"లేపమ్మా" అన్నాను.

మోహిత్